కరుణరసం - నర్సు దుఃఖం

సాహిత్య విమర్శ ఆసుపత్రి వార్డులో మొదలుకావటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని నా సందేహం అక్కడే పుట్టింది గనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

రెండేళ్ళ కిందట మా నాన్నగారు మూత్రపిండాల జబ్బుతో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు వుండి చనిపోయారు. ఆయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి రిటైరైన మనిషి. రాత్రి డ్యూటీలో వుండే నర్సు పాతికేళ్ళు నిండని పిల్ల. ఆయన మాత్రలు మింగనని మొరాయిస్తే ఆ అమ్మాయి బెత్తం చూపించినట్టు వేలు చూపించేది. ఆయన నవ్వి, "సరే టీచరమ్మా" అని మింగేవారు. మేము ఇస్తే మింగేవారు కాదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఆయన పోయినప్పుడు మంచం దగ్గర వున్నది ఆ అమ్మాయే. నేను కింద మందుల దుకాణం దగ్గర వున్నాను.

పన్నెండో రోజు దాటాక ఏవో కాగితాల కోసం ఆ ఆసుపత్రికి వెళ్ళాను. డ్యూటీ దిగి వస్తూ ఆ అమ్మాయి నన్ను చూసి ఆగింది. "పెద్దకర్మ అయిందా సార్?" అని అడిగింది. అయిందన్నాను. ఒక నిమిషం తటపటాయించి, "ఆ రోజు ఆయన కళ్ళజోడు మీ చేతికి ఇచ్చానా సార్? ఇవ్వలేదేమోనని అప్పటినుంచీ తొలుస్తూ వుంది" అన్నది. ఇచ్చిందని చెప్పాను. "అరగంటలో ఆ మంచం మీదికి ఇంకో పేషెంటు వచ్చారు. మొహం కడుక్కుని వచ్చి ఆయనకు సెలైన్ పెట్టాను. అందుకే గుర్తులేదు" అన్నది. ఎవరితోనైనా చెప్పుకున్నారా అమ్మా అని అడిగాను. "ఎవరితో చెప్పుకుంటాం సార్? అందరిదీ అదే డ్యూటీ కదా" అన్నది.

నాకు కాలేజీ వారు సెలవు ఇచ్చారు. బంధువులు వచ్చారు. వచ్చినవాళ్ళు ఏడిచారు, నన్ను ఏడవనిచ్చారు, నాలుగు రోజులు పొయ్యి వెలిగించే బాధ లేకుండా చూశారు. ఆ అమ్మాయికి ఇవేవీ లేవు. వున్నదల్లా కళ్ళజోడును గురించిన ఒక సందేహం. ఆ సందేహం నిజానికి దుఃఖమే. దుఃఖమని చెప్పుకునే హక్కు లేకపోవటంవల్ల అది కళ్ళజోడు వేషం వేసుకుంది.

ఆ తరువాతి వారం నేను క్లాసులో కరుణరసం పాఠం చెప్పవలసివచ్చింది. స్థాయీభావం శోకం. దానికి కారణాలుగా భరతుడు నాట్యశాస్త్రంలో ఒక జాబితా ఇచ్చాడు: శాపం, ఆపద, ఇష్టజనుల ఎడబాటు, సంపద నశించటం, చావు, చెర. ఏళ్ళ తరబడి యీ జాబితాను నేను తడుముకోకుండా చెప్పాను. ఆ రోజు "ఇష్టజనం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇష్టజనం అంటే ఎవరు? తొమ్మిది రాత్రులు ఒక ముసలాయన ఒళ్ళు తుడిచిన మనిషికి ఆయన ఇష్టజనం అవునా, కాదా? మన లక్షణగ్రంథాలలోనే కాదు, మన కథల్లో, నవలల్లో, సినిమాల్లో కూడా యీ ప్రశ్నకు జవాబు "కాదు" అనే వస్తున్నది. ఎందుకు?

ఒక చమత్కారం చూడండి. మన సంప్రదాయం ప్రకారం ఆదికావ్యం పుట్టిందే బంధువు కానివాడి శోకం నుంచి. బోయవాడి బాణానికి కూలిన క్రౌంచపక్షి వాల్మీకికి చుట్టం కాదు. అయినా ఆ శోకమే శ్లోకమయిందని వెయ్యి నోళ్ళతో చెప్పుకుంటున్నాం. పరాయి ప్రాణి చావుకు కదిలిపోవటం ఋషికి గొప్పతనమయింది. అదే కదలిక నర్సులో కనిపిస్తే మాత్రం "ఈ పిల్ల యీ ఉద్యోగానికి పనికిరాదు" అంటాం. ఋషికి తీరిక వుంది, నర్సుకు పక్క మంచం వుంది. తేడా మనసులో లేదు, పని పరిస్థితులలో వుంది.

మనకు "మైల" అని ఒక మాట వుంది. ఆ మాటకు రెండు ముఖాలున్నాయి. ఒక ముఖం అంటు: శవాన్ని ముట్టుకున్నవాడు అపవిత్రుడు. రెండవ ముఖం వ్యవధి: చనిపోయినవాడి మనుషులు కొన్నాళ్ళపాటు పని మాని, పండుగ మాని, లోకంనుంచి కాస్త పక్కకు తప్పుకుని వుండవచ్చు. మొదటి ముఖం వట్టి మూఢాచారం. కులవ్యవస్థ దాన్ని ఆయుధంగా వాడుకుని మనుషులను ఊరి బయటకు నెట్టింది. దాన్ని సమర్థించే ఉద్దేశం నాకు లేశమైనా లేదు. కాని రెండవ ముఖంలో, ఆచారపు తొడుగు లోపల, ఒక మానవ అవసరం దాక్కుని వున్నది. చావును చూసిన మనిషికి కొంత కాలం కావాలి, పక్కన నలుగురు మనుషులు కావాలి. సమాజం ఆ సంగతి గుర్తించి దానికొక గడువు కట్టింది.

ఇప్పుడు నర్సును చూడండి. రోగి పోయాక ఆమె ఏం చేస్తుంది? గొట్టాలు తీస్తుంది. కళ్ళు మూస్తుంది. దవడ జారకుండా గుడ్డ కడుతుంది. ఒళ్ళు తుడుస్తుంది. బొటనవేళ్ళు కలిపి కడుతుంది. పేరు రాసిన చీటీ తగిలిస్తుంది. వుంగరం, గడియారం, కళ్ళజోడు లెక్క రాసి అప్పజెబుతుంది. ఈ పనులే మన ఇళ్ళలో అయినవాళ్ళు చేస్తే కర్మ. నర్సు చేస్తే డ్యూటీ. పూర్వకాలంలో మన దేశంలో పెద్ద కులాలు తమ ఆడపిల్లలను యీ వృత్తికి పంపటానికి నిరాకరించింది యీ అంటు మూలంగానే. మిషన్ ఆసుపత్రులలో మొదట యీ పని నేర్చుకున్నవాళ్ళలో చాలామంది క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడపిల్లలు, దిక్కులేని వితంతువులు. అంటే, మైలలోని అంటును సమాజం నర్సు నెత్తిన పెట్టింది. మైలలోని వ్యవధిని మాత్రం తన దగ్గరే వుంచుకుంది. నా వాదానికి యిదే మూలం. తక్కినదంతా దీని వివరణే.

మన పిలుపులో కూడా యీ మోసం వున్నది. నర్సును "సిస్టర్" అంటాం. ఆ పిలుపు క్రైస్తవ సన్యాసినుల సేవాసంఘాలనుంచి వచ్చింది. సన్యాసినికి సంసారం లేదు, జీతం లేదు, ఆమె కన్నీళ్ళు దేవుడికి అప్పగించినవి. ఆ పిలుపును మనం యూనియన్లో సభ్యత్వం వుండి, ఇంటి అద్దె కట్టుకుని, బిడ్డను బడికి పంపి డ్యూటీకి వచ్చే ఉద్యోగినికి తగిలించాం. చుట్టరికపు పేరు పెట్టి చుట్టరికపు హక్కు మాత్రం ఇవ్వలేదు.

సాహిత్యం యీ విషయంలో ఏం చేసింది? ముందు ఒక మహారచయితను తీసుకుంటాను. టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన "ఇవాన్ ఇల్యీచ్ మరణం" మనలో చాలామంది చదివినదే. చావు మంచం మీద వున్న న్యాయాధికారి చుట్టూ భార్య, డాక్టర్లు, స్నేహితులు అందరూ అబద్ధమాడుతూ వుంటారు. అబద్ధమాడనివాడు ఒక్కడే, గెరాసిం అనే రైతుబిడ్డ, ఆ ఇంటి నౌకరు. రోగి మలమూత్రాలు ఎత్తేది అతనే. రోగికి నొప్పి తగ్గుతుందని రాత్రుళ్ళు అతని కాళ్ళు తన భుజాలమీద పెట్టుకుని కూచునేదీ అతనే. ఉన్నతవర్గపు బోలుతనాన్ని యింత నిర్దాక్షిణ్యంగా విప్పిచెప్పిన కథ మరొకటి అరుదు.

కాని గెరాసింకు ఏమయింది? కథ మొదటి అధ్యాయంలోనే యజమాని చనిపోయివున్నాడు. చూడవచ్చిన పెద్దమనిషి బయలుదేరుతూ పలకరిస్తే, ఇది దైవనిర్ణయమని, అందరమూ పోవలసినవాళ్ళమేనని గెరాసిం తెల్లని పళ్ళు కనిపించేట్టు జవాబిస్తాడు. కోటు అందిస్తాడు, తలుపు తీస్తాడు, తరువాతి పనికి సిద్ధమవుతాడు. అంతే. అన్ని రాత్రులు మోసిన ఆ కాళ్ళ బరువు అతని భుజాలమీద ఏమీ మిగల్చలేదా? టాల్‌స్టాయ్‌కి ఆ ప్రశ్న తోచలేదు. రైతు మంచితనం ఆయనకు ప్రకృతి. చెట్టు నీడనిచ్చినట్టు గెరాసిం సేవ చేస్తాడు. చెట్టుకు అలసట వుంటుందని ఎవరనుకుంటారు? వాస్తవికతకు శిఖరమనదగిన రచయిత కూడా సేవను శ్రమగా కాక స్వభావంగా చూశాడు. స్వభావమని ఒప్పుకున్న మరుక్షణం ఆ మనిషికి విశ్రాంతి అక్కర్లేదు, ఓదార్పూ అక్కర్లేదు.

అదే అనుభవాన్ని సేవచేసిన మనిషే రాస్తే ఎలా వుంటుంది? అమెరికన్ రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ 1862 డిసెంబరులో, అంతర్యుద్ధకాలంలో, వాషింగ్టన్ పక్కన జార్జ్‌టౌన్‌లోని సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. కొద్ది వారాలకే టైఫాయిడ్ తగిలి ఇంటికి వెళ్ళిపోవలసివచ్చింది. ఆ అనుభవాలను 1863లో "హాస్పిటల్ స్కెచెస్" పేరుతో ప్రచురించింది. అందులో జాన్ అనే కమ్మరి సైనికుడు చనిపోతాడు. బతకవని అతనికి చెప్పే పని డాక్టరు తాను చెయ్యక నర్సుమీద పెడతాడు. ప్రాణం పోయాక కూడా అతని చెయ్యి ఆమె చేతిని వదలదు. విడిపించాక ఆమె చేతిమీద అతని వేళ్ళ గుర్తులు తెల్లగా మిగులుతాయి. అతను ఎదురుచూసిన ఉత్తరం చావు తరువాత వస్తుంది.

ఆ నాలుగు గుర్తులు చాలు. గెరాసిం భుజాలమీద టాల్‌స్టాయ్‌కి కనిపించనిది ఆల్కాట్‌కు తన చేతిమీద కనిపించింది. ప్రతిభలో ఆమె టాల్‌స్టాయ్‌కి సాటి అని నేననటం లేదు. నిలబడిన చోటు వేరు అంటున్నాను. దృక్పథం శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనం తరచు చెప్పే మాటకు యింతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో "చివరకు మిగిలేది" అనే తెలుగు సినిమా వచ్చింది. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరులో తప్ప పొత్తు లేదు. ఇది 1959 నాటి బెంగాలీ చిత్రం "దీప్ జ్వేలే జాయ్"కి తెలుగు రూపం. దానికి మూలం ఆశుతోష్ ముఖోపాధ్యాయ కథ. బెంగాలీలో సుచిత్రాసేన్, తెలుగులో సావిత్రి, ఆ తరువాత "ఖామోషీ" అనే పేరుతో హిందీలో వహీదా రెహమాన్ నర్సు పాత్ర ధరించారు. మూడు భాషల్లోనూ మహానటులు ఎన్నుకున్న పాత్ర అది.

ఇతివృత్తం స్థూలంగా యిది. మానసిక చికిత్సాలయంలో ఒక ప్రయోగం. మతి చెడిన యువకుడికి నర్సు ప్రేమను నటించి నయం చెయ్యాలి. మొదటి రోగి బాగుపడి వెళ్ళిపోతాడు. ఆమె నటించలేదు, నిజంగానే ప్రేమించింది. ఆ గాయం మానకముందే రెండవ రోగిని ఆమెకు అప్పగిస్తారు. అతనూ బాగుపడతాడు. ఆమె మతి చెదిరి అదే ఆసుపత్రిలో రోగిగా చేరుతుంది.

ఇందులో రోగి చనిపోడు. కాని నర్సువైపునుంచి చూస్తే జరిగింది అదే. తన దగ్గర వున్న మనిషి శాశ్వతంగా లేకుండాపోయాడు, ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు, మళ్ళీ మొదటినుంచి అదే ఆప్యాయత ఇవ్వవలసివచ్చింది. మధ్యలో ఎవరూ "నీకెలా వుంది?" అని అడగలేదు. భారతీయ చిత్రాలలో యీ సమస్యను యింత సూటిగా పట్టుకున్నది మరొకటి వుంటే నేను ఎరగను. అందుకు ఆ కథకు మనం నమస్కరించాలి.

అయితే దాని పరిమితిని కూడా గుర్తించాలి. హిందీ రూపంలో చివర పెద్ద డాక్టరు పశ్చాత్తాపపడతాడు. ఆమెలో నర్సునే చూశాను గాని స్త్రీని చూడలేకపోయానని అతని బాధ. ప్రేక్షకుడు కంట తడిపెట్టుకుని, నిజమే అనుకుంటూ లేచిపోతాడు. కాని అది నిజమా? ఆ డాక్టరు ఆమెలో స్త్రీని చూడకపోలేదు. స్త్రీని చూశాడు గనుకనే ఆ పని ఆమెకు అప్పగించాడు. స్త్రీ అంటే ప్రేమ ఊరే బావి అని, ఎంత తోడినా నీళ్ళు వస్తాయని నమ్మాడు గనుకనే రెండోసారి కూడా బొక్కెన వేశాడు. అతను చూడనిది ఆమెలోని శ్రామికురాలిని. ప్రేమించటం, ఓదార్చటం, ధైర్యం చెప్పటం కూడా పనే అని, పని చేసిన మనిషి అలసిపోతుందని అతనికి తెలియదు. కథ కూడా తప్పును ప్రేమ విఫలంకావటంలో వెతికింది గాని, పని పెట్టిన పద్ధతిలో వెతకలేదు. అందుకే ఆ విషాదం మనల్ని ఏడిపిస్తుంది గాని ఆ చికిత్సాలయపు యాజమాన్యాన్ని ఏమీ అడగదు.

ఈ లోపం ఒక్క సినిమాది కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ విషయంలో ప్రపంచమంతా చేసింది యిదే. 1854లో ఆమె క్రిమియా యుద్ధపు ఆసుపత్రికి వెళ్ళింది. 1857లో లాంగ్‌ఫెలో పద్యంతో ఆమె చేతి దీపం చిరస్థాయి అయింది. కాని ఆమె చేసిన గొప్ప పని దీపం పట్టుకోవటం కాదు. చావులను లెక్కపెట్టింది. 1858లో పటాలు గీసి, సైనికులలో ఎక్కువమంది గాయాలవల్ల కాక నివారించదగిన జబ్బులవల్ల చచ్చిపోయారని ప్రభుత్వం మొహానే చూపించింది. ఆమె దుఃఖం లెక్కగా మారింది, లెక్క ప్రశ్నగా మారింది. కవులు దీపాన్ని తీసుకున్నారు, లెక్కను వదిలేశారు. నర్సు దేవతగా వున్నంతకాలం ఎవరికీ ఖర్చు లేదు.

మన కాలంలోనూ చూశాం. 2020 మార్చి 22 సాయంత్రం చప్పట్లు కొట్టాం. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఆ రెండేళ్ళలో వార్డులోకి చుట్టాలను రానివ్వలేదు. చనిపోయేవాడి చెయ్యి పట్టుకున్నది నర్సు, ఇంటివాళ్ళ మొహం కనిపించేట్టు ఫోను ఎత్తిపట్టుకున్నదీ నర్సు. మనకు బదులుగా మన చావులను చూసింది. ఆ చావుల బరువుతో ఆమె ఇంటికి వెళితే పిల్లలను దగ్గరకు తీసుకునే వీలు కూడా లేకపోయింది. ఆమెకు కావలసింది ఆకాశంనుంచి పడే పువ్వు కాదు. డ్యూటీలో ఇంకొక మనిషి.

"నర్సులు చావుకు అలవాటుపడిపోతారు, మీరు అనవసరంగా బాధపడుతున్నారు" అని ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. 1960 ప్రాంతంలో ఇజబెల్ మెంజీస్ అనే పరిశోధకురాలు లండనులోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సుల పనిని పరిశీలించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాసింది. ఆమె చూసింది ఏమంటే, అలవాటు అని మనం అనేది నిజానికి ఒక కోట. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బు పేరుతోనో పిలవటం, ఒక్క రోగితో ఎక్కువసేపు వుండకుండా పనిని ముక్కలుచేసి పంచటం, నర్సులను వార్డునుంచి వార్డుకు తిప్పుతూ వుండటం, ఇవన్నీ దుఃఖం దగ్గరకు రాకుండా ఆ వ్యవస్థ కట్టుకున్న గోడలు. గోడలు నిలిచాయా? శిక్షణకు వచ్చిన అమ్మాయిలలో సుమారు మూడోవంతు మంది మధ్యలోనే మానేస్తున్నారు. మానేసేవాళ్ళలో మంచి నర్సులు కాగలిగినవాళ్ళు కూడా వున్నారు. కోట నర్సును కాపాడలేదు, రోగినీ ఒంటరివాణ్ణి చేసింది. శ్రామికుడు తన శ్రమనుంచి పరాయివాడు కావటాన్ని గురించి మార్క్స్ 1844లోనే రాశాడు. ఇక్కడ పరాయిదవుతున్నది తన కన్నీరే.

1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విమానాలలో పనిచేసే ఆడపిల్లల చిరునవ్వును పరిశీలించి, భావాలను అదుపుచేసి అమ్మవలసివచ్చే శ్రమ ఒకటి వున్నదని సిద్ధాంతీకరించింది. 1989లో కెన్నెత్ డోకా, సమాజం గుర్తించని దుఃఖానికి ఒక పేరు పెట్టాడు: హక్కు కోల్పోయిన దుఃఖం. చుట్టరికం లేదు గనుక నీకు ఏడిచే హక్కు లేదని లోకం అనే చోటల్లా ఆ దుఃఖం వుంటుంది. ఆ అమ్మాయి అడిగిన కళ్ళజోడు ప్రశ్నకు శాస్త్రం పెట్టిన పేరు యిదే.

మరొక ఆక్షేపణ మన మిత్రులనుంచే వస్తుంది. "ముందు జీతాలు, తరువాత కన్నీళ్ళు" అంటారు. జీతం సంగతి చిన్నదని నేననను. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట కేంద్రం నియమించిన నిపుణుల సంఘం, యాభై మంచాలకు తక్కువున్న ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మాత్రానికే కేరళలో నర్సులు సమ్మెలు చేయవలసివచ్చింది. కాని జీతాన్నీ కన్నీటినీ రెండు వరసలుగా నిలబెట్టటంలోనే పొరపాటు వుంది. ఒక నర్సు మీద ఎంతమంది రోగులున్నారన్నదే ఆమె ఏడవగలదా లేదా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. వార్డులో మరొక మనిషి లేకుండా పది నిమిషాల విరామం కూడా వట్టి మాటే. దుఃఖానికి వ్యవధి అడగటమంటే సిబ్బందిని పెంచమని అడగటమే.

ముంబయి నర్సులు దీన్ని మనకంటె ముందే గ్రహించారు. 1973 నవంబరు 27న కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద అక్కడి పారిశుధ్య ఉద్యోగి అత్యాచారం జరిపి, గొంతుకు గొలుసు బిగించాడు. ఆమె మళ్ళీ స్పృహలోకి రాలేదు. 2015 మే 18న చనిపోయేదాకా, సుమారు 42 ఏళ్ళు, ఆ ఆసుపత్రి నర్సులు తరాలు మారుతూ ఆమెకు అన్నం పెట్టారు, ఒళ్ళు తుడిచారు. 1980లలో మునిసిపల్ అధికారులు ఆ మంచం ఖాళీచేయించి ఆమెను బయటకు పంపబోతే నర్సులు ఆందోళన చేసి ఆపారు. ఆమెకు మరణాన్ని అనుమతించాలని ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు, 2011 మార్చి 7 నాటి తీర్పులో కోర్టు, ఆమె తరఫున నిలబడదగిన ఆప్తులు ఆ ఆసుపత్రి సిబ్బందేనని చెప్పింది.

ఈ తీర్పును నేను సాహిత్య విద్యార్థిగా చదివాను. ఇష్టజనం అంటే ఎవరన్న ప్రశ్నకు భరతుడు విప్పిచెప్పని జవాబు అందులో వుంది. రక్తసంబంధం కాదు, చేసిన సేవ చుట్టరికాన్ని సృష్టిస్తుంది. అయితే ఆ జవాబు రావటానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది, అక్కడ రోగి కూడా నర్సే కావలసివచ్చింది. తొమ్మిది రాత్రుల చుట్టరికానికి ఏ కోర్టూ వుండదు. దానిని పని నియమాలలోనే రాసుకోవాలి.

ఏం రాసుకోవాలి? ప్రపంచంలో కొన్నిచోట్ల కొన్ని ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు 2009 ప్రాంతంలో ఒక చిన్న అలవాటు ప్రారంభించాడు. రోగి చనిపోయిన వెంటనే డాక్టరుతో సహా అందరూ మంచం చుట్టూ ఒక నిమిషం లోపు మౌనంగా నిలబడతారు. మంత్రం లేదు, మతం లేదు. బాస్టనులో 1997 నుంచి, బ్రిటనులో 2009 నుంచి, ష్వార్జ్ రౌండ్స్ పేరుతో అన్ని అంతస్తుల సిబ్బందీ కలిసి కూచుని, రోగికి ఏం చేశామని కాక, చేసిన మనకేమయిందని మాట్లాడుకుంటున్నారు. అక్కడ పెద్ద డాక్టరు కూడా తన భయం చెప్పుకోవటం విన్న చిన్న నర్సుకు తన కన్నీరు నేరం కాదని తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దుర్ఘటన తరువాత మనిషిని ఒక్కసారి కూచోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతివల్ల తరువాతి మానసిక రుగ్మత ఆగుతుందనటానికి ఆధారం లేదని, నిర్బంధంగా అలా చేయించటం మానాలని 2002 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. కనుక ఏడాదికొకసారి ఒక నిపుణుణ్ణి పిలిపించి, ఉపన్యాసమిప్పించి, హాజరుపట్టీలో సంతకాలు తీసుకుంటే పని అయిపోదు. ఏడవమని ఆజ్ఞాపించటం కూడా ఒక పెత్తనమే. చెప్పుకోదలచినవాళ్ళకు వినే మనిషి వుండాలి, చెప్పుకోదలచనివాళ్ళకు మౌనంగా వుండే హక్కు వుండాలి.

నా దృష్టిలో కోరవలసినవి యివి. చావు జరిగిన వెంటనే ఆ నర్సును కొంతసేపు వార్డునుంచి తప్పించగల మనిషి డ్యూటీలో వుండాలి. కూచోవటానికి తలుపు వున్న ఒక గది వుండాలి, ఏడవటానికి స్నానాలగది గతి కాకూడదు. మొదటి చావు చూసే విద్యార్థిని పక్కన అనుభవమున్న నర్సు నిలబడాలి, ఆ నిలబడటం ఆమె పనిగంటలలో లెక్కకు రావాలి. ఆ నెలలో ఎన్ని చావులు ఎవరి చేతుల్లో జరిగాయో చూసి డ్యూటీలు వెయ్యాలి. చావు తరువాత బంధువులు చెయ్యిచేసుకునే సందర్భంలో ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఇవి దయాధర్మాలు కావు, గనిలో గాలి ఆడేట్టు చూడమని అడగటంవంటివి.

మరి రచయితల పని ఏమిటి? మన కథల్లో నర్సు తెల్లబట్టలతో వచ్చి, ఇంజెక్షను ఇచ్చి, నాయకుణ్ణి చూసి నవ్వో, విసుక్కునో వెళ్ళిపోతుంది. రోగి చనిపోయిన వాక్యం తరువాత ఆమె కనిపించదు. కథకుడు బంధువులతోపాటు శ్మశానానికి వెళ్ళిపోతాడు. ఒక్కసారి వెళ్ళకుండా వార్డులోనే ఆగి చూడమని నా మనవి. దుప్పటి మారుతుంది. చీటీ మారుతుంది. ఆమె మొహం కడుక్కుని వస్తుంది. ఆ మొహంలో వున్నది రాయగలిగితే మన కరుణరసానికి కొత్త ఆలంబనం దొరుకుతుంది. అంతకంటె ముఖ్యం, నర్సులే రాయాలి. ఆల్కాట్ చేతిమీది గుర్తులు వాళ్ళ చేతులమీద వున్నాయి. మన సంఘాలు ఆ రాతలను అడిగి తెచ్చుకోవాలి. దోషాలు వెతకటం తరువాత చూసుకోవచ్చు.

నాన్నగారి కళ్ళజోడు మా ఇంట్లో భద్రంగా వుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియటానికి పన్నెండు రోజులు పట్టింది. నేను కాగితాల కోసం వెళ్ళకపోయివుంటే ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక మనిషి మనశ్శాంతి ఇంకొక మనిషి కాగితాల పనిమీద ఆధారపడకుండా చూడటమే మనం కోరవలసిన వ్యవస్థ.